రెటీనా మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నా, ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

ప్రశ్న: కాకినాడ కుర్రాడు

బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. మా అన్నయ్యకి రేచీకటి, ఆర్పీ అన్నారు. అంటే రెటినైటిస్ పిగ్మెంటోసా, కంటి వెనక పొర రెటీనా మెల్లగా పాడయ్యే జబ్బు. అమ్మానాన్నలది మేనరికం. చిన్నప్పుడు ఆట అయ్యాక చీకటి పడితే నేనే చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. ఇప్పుడు తనకి 29, పగలు కూడా పక్కలు కనబడవు. అందుకే ఈ ఆలోచన. ఇంట్లోనేమో "నువ్వేమన్నా డాక్టరువా, కళ్ళు బాగుచెయ్యడానికి?" అంటున్నారు. రోజూ పని ఎలా ఉంటుంది? బతుకు గడుస్తుందా?

జవాబు: ఎర్రబల్బు

తమ్ముడూ, ఇందులో నాకిది 22వ ఏడు. నా పీహెచ్‌డీ మొదలైంది మటన్ కొట్టు దగ్గర. తెల్లారకముందే స్కూటీ మీద వెళ్ళి మేక కళ్ళు తెచ్చేదాన్ని. నల్లగుడ్డ చుట్టి, ఐసు పోసిన స్టీలు క్యారేజీలో పెట్టుకుని. "ఇన్ని కళ్ళు ఏం కూర వండుతారు మేడమ్?" అని కొట్టు బాబాయి రోజూ అడిగేవాడు.

ల్యాబ్‌లో ఎర్రబల్బు తప్ప దీపం ఉండకూడదు. ఆ ఎరుపుని రాడ్ కణాలు, అంటే మసకచీకట్లో చూపునిచ్చే రెటీనా కణాలు, దాదాపు పట్టించుకోవు. కన్ను కోసి, జెల్లీ తీసేసి, తడి టిష్యూ కాగితంలా ఉండే రెటీనాని ఫోర్సెప్స్‌తో మెల్లగా ఊడదీయాలి. మొదటిసారి మా గైడ్ కావాలనే లైటు వేశారు. గులాబిరంగు కళ్ళముందే నారింజకి తిరిగి, పసుపై, వెలిసిపోయింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయా. ఆ రంగే రొడాప్సిన్, రాడ్ కణాల్లో వెలుగుని పట్టే పదార్థం.

ఆ రంగు వెనక కథ పెద్దది. 1933లో జార్జ్ వాల్డ్ అనే కుర్ర అమెరికన్ జర్మనీలో పనిచేస్తున్నాడు. రెటీనాలో విటమిన్ ఏ ఉందని అప్పటికే పట్టుకున్నాడు. హైడెల్‌బర్గ్ ల్యాబ్‌లో అందరూ సెలవులకి పోయిన సమయంలో 300 కప్పలు వచ్చి పడితే, వాటి రెటీనాల్లో రొడాప్సిన్‌లో ఉండే, విటమిన్ ఏకి చుట్టమైన అణువుని పట్టుకున్నాడు. వెలుగు పడగానే ఆ అణువు వంపు పోయి సాపు అవుతుందని తర్వాత వాల్డ్, రూత్ హబ్బర్డ్ కలిసి చూపించారు. 1967 నోబెల్ వాల్డ్‌కి వచ్చింది, ఆవిడకి రాలేదు. దానిమీద నా కోపం ఇక్కడ మొదలుపెడితే తెల్లారిపోతుంది.

సాపైన అణువుని మళ్ళీ వంచే ఎంజైము ఆర్పీఈ65. దాని జన్యువు రెండు కాపీలూ పాడైతే పుట్టుకతోనో చిన్నతనంలోనో చూపు పోతుందని 1997లో తెలిసింది. 2017 డిసెంబరులో దానికి జన్యుచికిత్స అమెరికాలో ఆమోదం పొందింది. 1933 నుంచి లెక్కపెట్టుకో, 84 ఏళ్ళు! "మా అన్నయ్య కోసం" అని వస్తే నీ అయిదేళ్ళ థీసిస్ ఆ లెక్కలో ఎంతో నువ్వే చూసుకో.

నా సొంత పని డయాబెటిక్ రెటీనా మీద, ఎలుకల్లో. ఒక సంక్రాంతి సెలవుల్లో కరెంటు పోయి, జనరేటర్ అందుకోక, మైనస్ ఎనభై ఫ్రీజర్ కరిగిపోయింది. రెండేళ్ళ శాంపిల్స్! తలుపు తియ్యగానే కొట్టిన ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. ఎవరూ సారీ కూడా చెప్పలేదు.

జవాబు: ఎస్ఆర్ఎఫ్ మూడో ఏడు

డబ్బు సంగతి నేను చెప్తా. నెట్‌లో పరీక్షలో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీకిచ్చే ఫెలోషిప్) కొడితే నెలకి 37,000, రెండేళ్ళయ్యాక ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000, హెచ్‌ఆర్ఏ వేరే. టైముకి పడితే హాయి, పడకపోతే రూమ్మేట్ దగ్గర అప్పు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్, చెన్నైలో శంకర నేత్రాలయ, మధురైలో అరవింద్, మూడింటిలోనూ కంటి ఆసుపత్రితో పాటు రీసెర్చ్ ఉంది. పేషెంట్ శాంపిల్స్ దొరికే చోటే చూసుకో బ్రో.

కాకినాడ కుర్రాడు

థాంక్సండీ ఇద్దరికీ. మేడమ్, 2017 నాటి ఆ చికిత్స అన్నయ్యకి పనికొస్తుందా?

ఎర్రబల్బు

జన్యువు తెలియకుండా ఎవరూ చెప్పలేరు. ఆర్పీకి పదుల కొద్దీ జన్యువులు కారణం, ఆ మందు ఆర్పీఈ65 ఒక్కదానికే. రెటీనాలో బతికున్న కణాలు కూడా మిగలాలి. అమెరికాలో రెండు కళ్ళకీ మొదట పెట్టిన ధర 8,50,000 డాలర్లు. అందుకని ముందు అన్నయ్యకి జెనెటిక్ టెస్ట్ చేయించండి. అమ్మానాన్నల రక్తం కూడా ఇవ్వమంటారు, టెన్షన్ పడొద్దని చెప్పు. రిపోర్టులో జన్యువు పేరు చూసి నాకు మెసేజ్ పెట్టు. నెట్ అప్లికేషన్ మాత్రం దానికోసం ఆపకు.