‘నోటివాటిని రాతలో చెప్పరాదు’: ఆ క్రియ సంగతేంటి?

నల్లసిరా: “రాసి ఉన్నవాటిని నోటికి చెప్పరాదు, నోటివాటిని...” ఆ తర్వాత “రాయరాదు”నా, “రాతలో చెప్పరాదు”నా? యూదుల తల్మూద్‌లో గిట్టీన్ అనే భాగంలోది. రెండో సగం క్రియ దగ్గరే ఆగిపోతున్నా.

ద్రుతం: గిట్టీన్ 60బి (తల్మూద్ భాగం పేరు, పుట). రెండు సగాలకూ ఒకటే క్రియ, ‘లెఓమ్రాన్’, చెప్పడం. ‘లెఖోత్వాన్’ (రాయడం) జ్ఞాపకం మీద చెప్పేవాళ్ల సవరణ. తేడా చిన్నది కాదు. నిషేధం రాసుకోవడం మీద కాదు, పాఠం చెప్పేచోట రాత చూసి అప్పజెప్పడం మీద.

తాళపత్రం: అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలాగండీ? తెమురా 14బి చూడండి: హలాఖాలు (ధర్మవిధులు) రాసేవాళ్లు తోరాను (యూదుల ధర్మశాస్త్రాన్ని) తగలబెట్టినవాళ్లతో సమానం. అక్కడున్నది ‘కోత్వే’. రాయడమే! విరుగుడూ ఆ పుటలోనే ఉంది: కీర్తన 119:126 పట్టుకుని, తోరా మరుపున పడడం కంటే ఒక విధి పక్కకు పోవడం మేలని. రాతకే అభ్యంతరం లేకపోతే విరుగుడెందుకు?

ద్రుతం: మరి షబ్బాత్ 6బి? రబ్బీ హియ్యా ఇంట్లో రవ్ అనే పండితుడికి ‘మెగిల్లత్ సెతారీమ్’, అంటే దాచిన చుట్ట, దొరికింది. సొంత గుర్తుకు రాసుకునేవాళ్లు, దాన్ని తెచ్చి పాఠం చెప్పేవాళ్లు కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో యెహూదా హన్నాసి మిష్నాను (నోటి ధర్మవిధుల కూర్పును) ఆరు ‘సెదారీమ్’గా, అంటే విభాగాలుగా, కూర్చినా, అది లోకంలోకి వెళ్లింది తన్నా, అంటే కంఠస్థం చేసి వల్లించేవాడి, నోటి మీదుగానే అని పరిశోధకుడు లీబర్మన్ వాదన. ఈ తన్నా పండితుడు కానక్కర్లేదు, నడిచే ప్రతి అయితే చాలు. వల్లింపు లెక్క ఎరువీన్ 54బిలో ఉంది. మోషే వరసగా చెబుతుంటే అహరోను 4 సార్లు, కొడుకులు 3, పెద్దలు 2, జనం 1 విన్నారు. మోషే లేచాక అహరోను, తర్వాత కొడుకులు, ఆపైన పెద్దలు చెప్పారు. అందరికీ 4 పూర్తి.

తాళపత్రం: నడిచే ప్రతికున్న జబ్బు కూడా చెప్పండి. సోతా 22ఎ: పారసీక పూజారి గొణుగుతాడు, ఏమంటున్నాడో తెలీదు, తన్నా వల్లిస్తాడు, ఏమంటున్నాడో తెలీదు.

చాటువు: ఉచ్చారణ గ్రంథం పాణినీయ శిక్షలో ఆరుగురు పాఠకాధముల్లో ‘లిఖితపాఠకః’ వెనకాలే ‘అనర్థజ్ఞః’. చూసి చదివేవాడికీ అర్థం తెలీనివాడికీ ఒకటే పంక్తి. అక్కడ తప్పుపట్టింది కూడా ‘పాఠక’నే, ‘లేఖక’ను కాదు. ద్రుతం గారికి ఒక మార్కు.

నల్లసిరా: నోటి పాఠంలో అక్షరం జారితే?

తాళపత్రం: జారింది కూడా. మిష్నాలో అవోదా జరా భాగం తొలి వాక్యంలోనే అన్యుల పండుగలకు వాడిన ‘ఎదేహెన్’కు మొదటి అక్షరం హీబ్రూ ‘అలెఫ్’ అక్షరమా, ‘అయిన్’ అక్షరమా? రవ్, షెమూఎల్ అనే పండితులు చెరో పక్క. అలెఫ్ అయితే ‘వాళ్ల విపత్తు’, అయిన్ అయితే ‘వాళ్ల సాక్ష్యం’. ఏదీ తప్పు కాదని వదిలేశారు. గలిలయవాళ్ల గొంతులో ఇవన్నీ కలిసిపోయేవి. ఎరువీన్ 53బిలో ఒకడు “అమర్ ఎవరికి?” అంటే “గాడిదా, ద్రాక్షరసమా, ఉన్నియా, గొర్రెపిల్లా?” అని ఆటపట్టించారు. వాడి నోట ఆ నాలుగు మాటలూ ఒకటే.

చాటువు: ఇలాంటిది తిక్కన దగ్గరుంది. పద్యం ఆగి “ఏమి చెప్పుదుం గురునాథా” అని లేఖకుణ్ణి అడిగితే, అతను దాన్నీ రాసేశాడట!

ద్రుతం: అదేం తప్పు కాదు. చెప్పుదున్ + కురునాథా. ద్రుతం (చివరి ‘న్’) మీద పరుషం (‘క’) సరళమైంది (‘గ’). సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి పిలిచినట్టు కుదిరిపోయింది. చెవికి రెండూ ఒకటే.

తాళపత్రం: మిష్నాకు రండి. బాబిలోను యూదు విద్యాపీఠాధిపతి షెరీరా గాఒన్ 987లో ఉత్తర ఆఫ్రికాలోని కైరువాన్‌కు రాసిన లేఖ సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు. కానీ ఆ లేఖకే రెండు పాఠాలు: యెహూదా హన్నాసి రాశాడని స్పెయిన్ పాఠం, రాయలేదని ఫ్రెంచి పాఠం. లెవిన్ అనే పరిష్కర్త 1921లో రెండూ పక్కపక్కనే అచ్చువేశాడు.

నల్లసిరా: అయితే ‘లెఖోత్వాన్’ ఉన్న రాతప్రతి ఒక్కటీ లేదా?

చాటువు: అది తర్వాత. ద్రుతం గారూ, ‘చెప్పుదుం’ దగ్గర నిండు సున్నానా, అరసున్నానా? నిండైతే గురువు, అరైతే లఘువు. గణం చూసి చెప్పండి.