పాత గేర్ సైకిల్‌కి ఏడు వేలు పెట్టాలా, వేరేది కొనాలా?

ప్రశ్న:
నాలుగేళ్ల కిందట తొమ్మిది వేలకు కొన్న గేర్ సైకిల్ ఉంది. 26 అంగుళాల చక్రాలు, ముందూ వెనకా సస్పెన్షన్, కేబుల్ డిస్క్ బ్రేకులు, 21 గేర్లు. కోకాపేట నుంచి రోజూ ఆఫీసుకు దీనిమీదే వెళ్తాను. ఆదివారాలు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద తిరుగుతాను. ఈ మధ్య గట్టిగా తొక్కితే చైను జారుతోంది, వెనక చక్రం ఊగుతోంది, కాళ్లు తొందరగా లాగేస్తున్నాయి. ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే భాగం), వెనక తొమ్మిది గేర్ల సెట్టు మారిస్తే చాలని షాపతను ఏడు వేలు చెప్పాడు. ఈసారి వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల మట్టిదారుల్లోకి కూడా వెళ్లాలని ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం 1:
ఆ ఏడు వేలు మాత్రం పెట్టకండి బ్రదర్. 21 గేర్ల (ముందు మూడు, వెనక ఏడు) చవక సైకిల్లో వెనక ఉండేది దాదాపుగా హబ్ (చక్రం నడిమి భాగం) మీద మర తిప్పి బిగించే ఫ్రీవీల్ అనే పళ్ల సెట్టు. తొమ్మిది గేర్లవి మామూలుగా హబ్ మీదకు జారించి తొడిగే క్యాసెట్‌గా వస్తాయి, వాటి హబ్ వేరు. అంటే వెనక చక్రం, షిఫ్టర్ (గేర్లు మార్చే మీట), చైను అన్నీ మారాలి. ఏడు వేలతో ఆగే పని కాదు. ఫోర్కుదీ అదే కథ. మీ ఫోర్కు కాడకు పైన మరలుంటే, ఇప్పుడొచ్చే మంచి ఫోర్కులు నేరుగా పట్టవు.

ముందు చైను కొలవండి. ఒక పిన్ను మధ్యన స్కేలు పెట్టి 24 లింకులు లెక్కపెడితే కొత్త చైను సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, అదే ఏడు గేర్లది కొత్తది వేయించండి. రెండూ కలిపినా షాపతను చెప్పినదాంట్లో చిన్న భాగమే.

తర్వాత టైర్లు. గుబ్బల టైర్లు తారురోడ్డు మీద ఊరికే బలం తింటాయి. 26 x 1.75 సైజులో నున్నగా ఉన్నవి వేసి, పక్కన రాసినంత గాలి కొట్టిస్తే తేడా మీకే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: 26 x 1 3/8 అని ఉన్నవి ఇస్తే తీసుకోకండి, అవి వేరే రిమ్‌కి. టైరు మీద 559 అని (రిమ్ సైజు, మిల్లీమీటర్లలో) ఉందో లేదో చూసుకోండి.

సమాధానం 2:
చక్రం ఎలా ఊగుతోందో చూశారా? రిమ్ పట్టుకుని పక్కకు కదిపితే హబ్ దగ్గర టకటకమంటే బేరింగ్‌ను బిగించే కోన్‌లు వదులైనట్టు, లేదా యాక్సిల్ (ఇరుసు) వంగినట్టు. ఈ ఫ్రీవీల్ హబ్‌లలో గేర్ల వైపు బేరింగ్ బాగా లోపలికి ఉంటుంది, బరువు పడితే యాక్సిల్ అక్కడే వంగుతుంది. అలా కాకుండా తిప్పినప్పుడు వంకరగా పోతే చువ్వలు సరిచేసి బెండ్ తీయిస్తే సరి.

అనంతగిరికి మాత్రం ఇది వద్దు, అన్నా. ఈ ధరలో వెనక సస్పెన్షన్ అంటే ఒక స్ప్రింగు, అంతే. ఎక్కేటప్పుడు మీ బలం తింటుంది, రాళ్ల దిగుడులో నమ్మలేం. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సెకండ్‌హ్యాండ్ సైకిల్ వెతకండి. హ్యాండిల్ కింద ఫ్రేమ్ అతుకుల దగ్గర పెయింటు చిట్లి ఉంటే వదిలేయండి. బిల్లు లేకుండా కొనకండి.

అడిగినవారు:
కొలిచాను, ఎనిమిదో వంతు దాటింది. చైను, ఫ్రీవీల్, టైర్లు మారుస్తాను. కొండకు వేరే సైకిల్ దసరా తర్వాత చూస్తాను. ఇంకోటి, వెనక డిస్క్ ఎప్పుడూ రాసుకుంటోంది.

సమాధానం 1:
కాళ్లు లాగడానికి అదీ ఒక కారణం అయ్యుంటుంది. డిస్క్‌ను నొక్కే క్యాలిపర్‌ని ఫ్రేమ్‌కి పట్టే రెండు బోల్టులు కొంచెం వదులు చేయండి, బ్రేకు గట్టిగా పట్టి ఉంచి మళ్లీ బిగించండి. ఇంకా రాసుకుంటే లోపలి వైపు ప్యాడ్ స్క్రూ పావు చుట్టు వెనక్కి తిప్పండి. సీటు ఎత్తు కూడా చూసుకోండి: పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి.