ఏసీ పనికి ఫ్రిజ్ కంప్రెసర్ పక్కన పెట్టి వ్యాక్యూమ్ పంపు కొనాలె: సింగిల్ స్టేజా, డబుల్ స్టేజా?

హన్మకొండ_చల్లగాలి:
అన్నలందరికి నమస్తే. నయీంనగర్ దిక్కు నాకో చిన్న షెడ్డు ఉన్నది. ఇండ్లల్ల స్ప్లిట్ ఏసీలు నా అసలు పని, ఆదివారం వస్తే తెలిసినోళ్ల కార్ల ఏసీలు. ఇన్నేండ్లు మా ఉస్తాద్ ఇచ్చిన పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తోనే వ్యాక్యూమ్ పెట్టిన, అంటే గ్యాస్ కొట్టే ముందు పైపులల్ల గాలి, తేమ గుంజుడు. సక్షన్‌కు చార్జింగ్ పైపు తగిలించుడు, సూది కిందికి పోయేదాక ఒక చాయ తాగుడు, గ్యాస్ కొట్టుడు. ఎవ్వలూ ఏమనలే.

పోయిన వానకాలం నేను పెట్టిన ఆర్32 గ్యాస్ ఇన్వర్టర్ మిషన్లు రెండు తిరిగొచ్చినయ్. ఒకదాంట్ల కంప్రెసరే పోయింది. పైపు కోసి చూస్తే నూనె డికాషన్ లెక్క నల్లబడి, ముక్కు పగిలే పులుపు వాసన. కస్టమర్‌కు సగం పైసలు నా జేబుల నుంచే పెట్టిన.

ఇగ పంపు కొనుడే. దుకాణంల సింగిల్ స్టేజ్ (ఒకే అరతోని గుంజేది) ఆరు వేల లోపు, డబుల్ స్టేజ్ (రెండు అరలది) పదకొండు వేల పైన చెప్తున్నరు. ఇంటి ఏసీకి, కారుకు ఒక్కటే కొంట. ఏది తీసుకోవాలె?

స్టేషన్‌రోడ్_ఉస్తాద్:
తమ్మీ, తప్పు కంప్రెసర్ మీద రుద్దకు. నేను ముప్పై ఏండ్ల సంది అదే వాడుతున్న. బట్టలబజార్ దుకాణాలల్ల నేను పెట్టిన విండో ఏసీలు ఇప్పటికీ నడుస్తున్నయ్. సూది 29 ఇంచుల (పాదరసం లెక్క) వ్యాక్యూమ్ చూపెట్టిందంటే లోపల గాలి లేదన్నట్టే. మన దగ్గర మే నెలల పైపులే 45 డిగ్రీలు ఉంటయ్, లోపల నీళ్ల చుక్క ఉంటే అదే ఉడికి ఆవిరై పోతది. ఆరు వేలు, పదకొండు వేలు పెట్టి కొనుక్కుంటే నీ మజూరీ ఎవడు పెంచుతడు?

ఇంకోటి. కరెంటు పోతే నా కంప్రెసర్ వాల్వు మూసుకొని లోపల వ్యాక్యూమ్ అట్లనే ఉంటది. నీ కొత్త పంపు నూనెను మిషన్లకు గుంజుతది. చూసినోణ్ని చెప్తున్న.

ఐటీఐ_బల్ల_ముందు:
నేను ఇదే ట్రేడ్ పిల్లలకు పాఠం చెప్తాను. ఉస్తాద్ గారి మాటలో సగం నిజం ఉంది, దాన్ని ముందు ఒప్పుకుందాం. పాదరసం లెక్కలో గాలి పీడనం 760 మిల్లీమీటర్ల నుంచి 25 మిల్లీమీటర్లకు దిగితే నీళ్లు 26 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 5 మిల్లీమీటర్లకు దిగితే 1 డిగ్రీ దగ్గరే. కాబట్టి కనపడే నీటి చుక్కను ఎండాకాలం కంప్రెసర్ కూడా తీసేస్తుంది.

గొడవ సూదితో ఉంది. పాదరసం ఒక ఇంచు అంటే 25,400 మైక్రాన్లు; మైక్రాన్లు ఎంత తగ్గితే లోపల గాలి అంత తక్కువ. మనకు కావాల్సింది 500 మైక్రాన్లు, అంటే ఇంచులో యాభయ్యో వంతు. మానిఫోల్డ్ గేజ్ (మనం రోజూ వాడే సూది గేజ్) మీద అది సూది మందం కూడా కాదు. సూది 29 దగ్గర ఆగినప్పుడు లోపల 800 ఉందో 15,000 ఉందో దేవుడికే తెలియాలి.

పైగా హన్మకొండ సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి పీడనమే 29 ఇంచుల దగ్గర. పుస్తకంలో 29.92 అని ఉంటుంది కదా అని కొత్త పిల్లలు ఆ సూది ఎందుకు దిగట్లేదని పంపును తిడుతుంటారు. అది ఎంత ఖరీదైన పంపుకైనా దిగదు.

కాజీపేట_కార్ఏసీ:
సారు చెప్పింది ఇంటి ఏసీ ముచ్చట. కార్ల గట్ల కాదు. కారుల రబ్బరు పైపులు, ఓ-రింగులు, షాఫ్ట్ సీలు ఉంటయ్. ఎంత మంచి పంపు పెట్టినా 500 దగ్గర నిలబడదు. వాల్వు కట్టేయంగనే మెల్లగ పైకొస్తది. నేను మూడేండ్ల సంది సింగిల్ స్టేజ్ పంపే వాడుతున్న. అరగంట గుంజుత, ఇంకో పావుగంట కట్టి పెడ్త, సూది కదలకుంటె 134ఏ గ్యాస్ తూకం చూసి కొడ్త. చిన్న కారుకు అర కిలో అటుఇటు, అంతే.

కారుల తేమ మిగిలితే తెలుస్తనే ఉంటది. ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచు కట్టి గ్యాస్ ఆగుతది. పది నిమిషాలు సల్లగ, తర్వాత వేడి గాలి. బండి ఆపి చాయ తాగొస్తే మళ్ల సల్లగ. జనం గ్యాస్ తక్కువైందని ఇంకింత కొట్టిపిచ్చుకుంటరు. దానికి మందు డబుల్ స్టేజ్ పంపు కాదు, కొత్త డ్రయర్ (తేమ పీల్చే డబ్బా). సిస్టమ్ విప్పి రెండు దినాలు మూత పెట్టకుండ ఉంచినంక పాత డ్రయరే బిగిస్తే ఏ పంపూ కాపాడదు.

ఇంజిన్ కొద్దిగ వేడిగున్నప్పుడు, ఎండల పెట్టి వ్యాక్యూమ్ గుంజుండ్రి. వానకాలం పొద్దుగాల షెడ్డుల గుంజుడుకు, మధ్యాన్నం ఎండల గుంజుడుకు మస్తు తేడా.

ఖని_కూలింగ్:
సింగిల్ అనేటోళ్లందరికీ ఒకటే అడుగుత. గోదావరిఖని ఎండల ఎప్పుడన్న పని చేసిన్రా? అవుట్‌డోర్ రేకుల మీద ఉంటది, చెయ్యి పెడితే కాలుతది. ఆ ఎండకు లోపల కొంచెం గాలి మిగిలినా హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ తోసే దిక్కు ఒత్తిడి) ఎక్కి మిషన్ ట్రిప్ అయితది. నేను సింగిల్ అమ్మి డబుల్ స్టేజ్ కొన్న. అదే పనికి ముప్పావు గంట పట్టేది, ఇప్పుడు పదిహేను నిమిషాలు. మూడో అంతస్తు మీద ఎండల అరగంట తక్కువ నిలబడుడు ఎంత విలువనో నా మాడును అడుగుండ్రి.

డబుల్ స్టేజ్‌ల మొదటి అర గుంజిన దాన్ని రెండో అర బయటికి తోస్తది. అందుకే లోతుకు పోతది.

స్టేషన్‌రోడ్_ఉస్తాద్:
ఆర్22 (పాత మిషన్ల గ్యాస్) ల ముప్పై ఏండ్లు రాని రోగం ఇప్పుడెందుకొస్తది, ఎవరన్న చెప్పుండ్రి.

ఐటీఐ_బల్ల_ముందు:
ఉస్తాద్, అసలు ప్రశ్న ఇదే. మారింది మీ చెయ్యి కాదు, లోపలి నూనె. ఆర్22 మిషన్లలో మినరల్ ఆయిల్ ఉండేది. అది నీటిని దగ్గరికి రానివ్వదు. కాస్త తేమ మిగిలినా డ్రయర్ పట్టుకునేది, మిషన్ మన్నించేది. ఆర్410ఏ, ఆర్32 మిషన్లలో ఎక్కువగా పీఓఈ నూనె. కార్లలో 134ఏతో పీఏజీ నూనె, అది ఇంకా దాహం గలది. మూత తీసి బల్ల మీద పెడితే గాలిలోని తేమనే తాగేస్తుంది. పీఓఈ నీటితో కలిసి వేడెక్కితే ఆమ్లంగా మారుతుంది. చల్లగాలి తమ్ముడు చెప్పిన పుల్లటి వాసన అదే అయ్యుంటుంది. కంప్రెసర్ వైండింగు వార్నిష్‌ను అదే తినేస్తుంది.

ఒకసారి నూనెలోకి దిగిన తేమను ఏ పంపూ తేలిగ్గా బయటికి గుంజలేదు. అందుకే పైపులను మూత పెట్టి ఉంచడం, నైట్రోజన్ పోసి లీకేజీ చూడడం పంపు కంటే ముందు పని. 500 మైక్రాన్లు అన్నది నీళ్లు మరిగించడానికి పెట్టిన గీత కాదు, లోపల ఇంక తడి లేదని మనకు దొరికే సాక్ష్యం. వాల్వు కట్టి పది నిమిషాలు చూడండి. 1,000, 1,500 దాకా ఎక్కి ఆగిందంటే తడి. ఆగకుండా ఎక్కుతూనే ఉందంటే లీకు.

మీ కంప్రెసర్ గురించి ఇంకో మాట. అది గ్యాస్ చల్లదనంతో బతికే మోటారు. వ్యాక్యూమ్‌లో గంటలు నడిపితే చల్లబరిచేది ఏదీ ఉండదు, లోపల వైండింగు కాలుతుంది.

సుబేదారి_కస్టమర్:
మీ గొడవ మధ్యల ఒక కస్టమర్ మాట వినండి. పోయినేడు మా ఇంట్ల కొత్త ఏసీ బిగించడానికి ఒకాయన వచ్చిండు. పంపు తేలేదు. అవుట్‌డోర్ వాల్వు కొంచెం తిప్పి, ఇటు నట్టు దగ్గర బుస్సుమని గ్యాస్ వదిలి, గాలి పోయింది సార్ అన్నడు. నిమిషం కూడా పట్టలే. అది సరైన పనేనా?

మా తమ్ముని ఇంటికి వచ్చినాయన పంపు తెచ్చిండు గని బైక్ మీద పక్కకు పడేసి తెచ్చినట్టుంది, హాలుల టైల్స్ మీద నూనె మరక ఇప్పటిదాక పోలే.

ఖని_కూలింగ్:
సరైన పని కాదు సారు. కొత్త మిషన్ గ్యాస్ అవుట్‌డోర్‌లనే బంద్ ఉంటది. మూడు మీటర్ల పైపు, ఇండోర్, ఇంతే గుంజాలె, మంచి పంపుకు ఎంత సేపు? ఆర్32 అంటుకునే గుణం ఉన్న గ్యాసు, ఇంట్ల బుస్సుమనిపిస్తే ఎట్ల? పంపు కొన్నా సరే, స్విచ్చు దగ్గర నిప్పురవ్వ రాని పంపు, ఆర్32 కి పనికొస్తదని రాసిన పంపే చూడుండ్రి. ఏసీ విప్పేటందుకు గ్యాస్ మళ్ల అవుట్‌డోర్‌లకు దించేటప్పుడు పైపుల గాలి చొరబడితే నూనె, గాలి కలిసి కంప్రెసరే పేలొచ్చు.

కాజీపేట_కార్ఏసీ:
నూనె మరక మాట నిజమే. పంపును నిలబెట్టే తేవాలె, పోయేటప్పుడు మూత బిగించాలె. నేను స్కూటీ కాళ్ల దగ్గర పెట్టుకొని పోత. డబుల్ స్టేజ్ బరువుకు అది కూడ కష్టమే.

ఉస్తాద్ కరెంటు మాటకు జవాబు: కరెంటు పోతే దారి కట్టేసే వాల్వు ఉన్న పంపులు వస్తున్నయ్. మన దగ్గర అది లేని పంపు కొనొద్దు. స్టేజీల కంటే ముందు అది చూడుండ్రి.

హన్మకొండ_చల్లగాలి:
మాటలతోని తెగేటట్టు లేదు. ఈ ఆదివారం నా షెడ్డుకు రాండ్రి. ఖని అన్న, మైక్రాన్లు చూపెట్టే గేజ్ మీ దగ్గర ఉంటే తెస్తరా?

ఖని_కూలింగ్:
రామగుండంల పొద్దుగాల రైలెక్కి కాజీపేటల దిగుత. గేజ్, నా పంపు రెండూ తెస్త. చాయ నీది.

హన్మకొండ_చల్లగాలి:
అందరొచ్చిన్రు, ఉస్తాద్ కూడా తన కంప్రెసర్ ఆటోల వేసుకొని వచ్చిండు. స్క్రాప్‌ల పడ్డ ఒక టన్ను స్ప్లిట్‌కు పైపులు కలిపి నైట్రోజన్ పోసినం, సబ్బు నురగతో లీకు లేదని తేల్చినం. ఆయినంక మొదలు.

ఉస్తాద్ కంప్రెసర్ ఇరవై నిమిషాలు. గేజ్ సూది 29 దగ్గర గట్టిగ నిలబడ్డది. ఉస్తాద్ మా దిక్కు చూసి నవ్విండు. మైక్రాన్ గేజ్ ఆన్ చేస్తే 4,700. ఇంకో పది నిమిషాలు ఆగినం, 4,600 దగ్గర కదలలే. కంప్రెసర్ మీద చెయ్యి పెడితే కాలింది.

మళ్ల నైట్రోజన్ నింపి, కాజీపేట అన్న సింగిల్ స్టేజ్ పెట్టినం. ఇరవై నిమిషాలకు 1,600. ఖని అన్న వెంటనే ‘జూసిన్రా’ అన్నడు. అద్దంల నూనె చూస్తే మజ్జిగ లెక్క ఉన్నది. ఎన్నడు మార్చినవంటే కాజీపేట అన్న తల గోక్కున్నడు, కొన్నప్పుడు పోసిందేనట. ఆ నూనె తీసేసి, కొత్తది పోసి, గాలి వాల్వు తెరిచి ఐదు నిమిషాలు వట్టిగ తిప్పి, మళ్ల పెట్టినం. ఈసారి అంతే సేపట్ల 420.

సన్న పైపు తీసి లావు పైపు పెట్టి, సర్వీస్ వాల్వు లోపలి పిన్ను కూడా తీసేసినం. పదకొండు నిమిషాలకే 420 కంటె కిందికి దిగింది.

ఖని అన్న డబుల్ స్టేజ్, అదే లావు పైపుతోని: ఆరు నిమిషాలకు 400, పది నిమిషాలకు 190.

ఐటీఐ_బల్ల_ముందు:
నేను రాలేకపోయాను, బాధగా ఉంది. పంపు మీద 2 పాస్కల్ అని రాస్తారు చూడండి, అది 15 మైక్రాన్లతో సమానం. కాని అది నోరు మూసి కొలిచిన లెక్క. పైపు, పిన్ను, తడిసిన నూనె కలిస్తే ఏమవుతుందో మీ షెడ్డులో తేలింది. పిల్లలకు చూపించడానికి ఈ అంకెలు రాసుకుంటున్నాను.

ఖని_కూలింగ్:
అంకెలు మీరే రాసుకున్నరు కదా, డబుల్ గెలిచిందని ఒప్పుకోండ్రి.

హన్మకొండ_చల్లగాలి:
గెలిచింది అన్నా, కాదంటలేను. నా లెక్క వేరే. దినానికి రెండు మిషన్లు, ఆదివారం ఒక కారు. నాకు ఐదు నిమిషాల తేడా పెద్దది కాదు. కరెంటు వాల్వు ఉన్న సింగిల్ స్టేజ్, మూడు సీఎఫ్ఎమ్‌ది (నిమిషానికి మూడు ఘనపుటడుగుల గాలి గుంజేది) తీసుకున్న. మిగిలిన పైసలతోని మైక్రాన్ గేజ్, లావు పైపు, పిన్ను తీసే పనిముట్టు, రెండు డబ్బాల నూనె. డబుల్ కొని గేజ్ లేకుంటె మళ్ల సూదినే నమ్ముకోవాల్నాయె. రోజుకు నాలుగైదు మిషన్లు చేసేటోడైతే మీరన్నదే కొనాలె, దాంట్ల గొడవ లేదు.

ఖని_కూలింగ్:
రెండేండ్ల తర్వాత నా లెక్కనే అమ్ముకుంటవు, చూడు.

స్టేషన్‌రోడ్_ఉస్తాద్:
తమ్మీ, ఆ గేజ్ ఎంతకు తెచ్చినవు? నూనె మామూలు కంప్రెసర్ నూనెనేనా, వేరేనా?

హన్మకొండ_చల్లగాలి:
వేరే ఉస్తాద్. వ్యాక్యూమ్ పంపు నూనె అని అడగాలె, ఇంజిన్ ఆయిల్ పోయొద్దు. తడి మిషన్ పట్టిన రోజే మార్చాలట. రేపు పొద్దుగాల రాండ్రి, నా దాంట్ల ఒక డబ్బా ఇస్త. మీ కంప్రెసర్ మరి?

స్టేషన్‌రోడ్_ఉస్తాద్:
ఉండనీ. దాంతోటి గాలి కొట్టి కండెన్సర్ల దుమ్ము దులుపుత.