ఎండకాలంలో కల్లును మరునాటికి దాచవచ్చా?

మిర్యాలగూడ నుంచి:
పొద్దున దించిన పండుతాటి కల్లును ప్లాస్టిక్ సీసాలో పోసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులైనా తియ్యగానే ఉంటుందని మా బంధువుల్లో కొందరి వాదన. లాగర్ బీరు నెలల తరబడి నిల్వ ఉంటుంది కదా, కల్లు ఎందుకు ఉండదని వారు అడుగుతున్నారు. మా ఇంటి పెద్దలేమో మధ్యాహ్నం దాటిన కల్లును ముట్టరు. ఎవరి మాట సరైనదో తెలిసినవారు చెప్పగలరు.

దేవరకొండ నుంచి:
నేను పెద్దల వైపే మొగ్గుతాను. లాగర్‌తో పోలిక ఇక్కడ పొసగదు. బార్లీ మాల్టు నుంచి తీసిన తియ్యటి నీటిని ముందు మరిగించడం వల్ల అందులోని సూక్ష్మజీవులు చస్తాయి, హాప్స్ పువ్వుల చేదు కొన్ని రకాల బ్యాక్టీరియాను ఎదగనివ్వదు, ఆ తర్వాత ఎంచి వేసిన ఈస్టుతో సుమారు 8 నుంచి 13 డిగ్రీల మధ్య పులియబెట్టి, చక్కెర చాలావరకు తరిగిన తరువాతనే దాన్ని సున్నాకు దగ్గరి చలిలో వారాల తరబడి ఉంచుతారు. ఇంత చేసినా వేసవి దానికి గండమే. జర్మనీలోని బవేరియాలో 1553లో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 వరకు బీరు తయారీనే నిషేధించారు.

కల్లుకు ఇందులో ఒక్కటీ జరగదు. గెల నుంచి కారే నీరు తియ్యటిదే అయినా, నిన్నటి కల్లు అంటుకొని ఉన్న లొట్టిలో చుక్కచుక్కగా పడుతుండగానే పులియడం మొదలవుతుంది. గౌడన్న చెట్టు దిగేసరికే పైన తెల్లటి నురగ కట్టి ఉంటుంది. ఈస్టుతో పాటు పులుపును పెంచే బ్యాక్టీరియా, గాలి తగిలితే ఆల్కహాలును వెనిగర్‌గా మార్చే బ్యాక్టీరియా కూడా అందులోనే ఉంటాయి. ఫ్రిజ్ వీటి వేగాన్ని తగ్గిస్తుందే కాని వీటిని చంపదు. ఇక మూత బిగించడం మరీ తప్పు. లోపల పుట్టే కార్బన్ డయాక్సైడుకు దారి లేక ప్లాస్టిక్ సీసా అడుగు ఉబ్బి, నిలబెడితే ఒరిగిపోతుంది. గాజు సీసా అయితే పగిలే ప్రమాదమూ ఉంది.

నాగర్‌కర్నూల్ నుంచి:
దేవరకొండ మిత్రులు చెప్పిన కారణాలు నిజమే కాని, తాటి నీరు అసలు నిల్వ ఉండదనే అర్థం వచ్చేలా రాయడం సబబు కాదు. లొట్టి లోపల సున్నం పూసి గీస్తే పులియడం ఆగుతుంది; దించిన వెంటనే 4 డిగ్రీల దగ్గర చల్లబరిస్తే ఆ తీపిని కాపాడుకోవచ్చు. ఇలా పులియకుండా ఉంచిన తాటి నీటినే నీరా అంటారు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్ ఆధారపడింది ఇలాంటి జాగ్రత్తల మీదనే.

దేవరకొండ నుంచి:
నీరా విషయంలో మీతో ఏకీభవిస్తాను, కాని అడిగింది కల్లు గురించి. ఒకసారి పులిసిన దాన్ని ఏ ఫ్రిజ్ కూడా వెనక్కి తిప్పి నీరాగా మార్చలేదు. (కల్తీ కల్లు సంగతి వేరు, దాన్ని ఇక్కడికి లాగను.) తప్పనిసరిగా దాచవలసి వస్తే, ఇంటికి తెచ్చిన మరుక్షణమే శుభ్రమైన పాత్రలో సగానికి మించకుండా పోసి, మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, సాయంత్రానికల్లా తాగేయడం మేలు. మరునాటికి తీపి తగ్గి మత్తు పెరిగి ఉంటుంది కనుక, నిన్నటి లెక్కనే గ్లాసులు నింపుకోకూడదని మీ బంధువులకు తప్పక చెప్పండి.