పాపకి ఇంగ్లీషు, స్పానిష్, తెలుగు మూడింట్లోనూ నప్పే పేరు కావాలి

పల్నాటి_పిల్లోడు:
అందరికీ నమస్కారం. ఉండేది కాలిఫోర్నియాలో. మా ఆవిడ వాళ్ళది మెక్సికో, మాది పల్నాడు. వచ్చే నెల పాప. అత్తగారింట్లో స్పానిష్ తప్ప ఇంకోటి నడవదు, బడిలో ఇంగ్లీషు, ఫోన్లో నాయనమ్మతో తెలుగు. మేం రాసుకున్నవి: మీరా, తార, స్నేహ, జాహ్నవి, లీల, వేద. వాళ్ళ వైపు నుంచి వచ్చినవి: లూసీయా, లూనా, నోరా. అమ్మేమో జన్మనక్షత్రం అక్షరం రావాల్సిందే అంటోంది. ఏ పేరుతో ఎక్కడ తేడా కొడుతుందో, స్పెల్లింగ్ ఎలా పెట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

అక్షరాల_బాబాయ్:
స్నేహ, జాహ్నవి ముందు కొట్టేయండి. స్పానిష్‌లో ఎస్ తర్వాత వెంటనే హల్లు వచ్చే మాట మొదట్లో ఉండదు, ముందు ఒక 'ఎ' తగిలిస్తారు. పైగా హెచ్ పలకరు. స్నేహ కాస్తా 'ఎస్నేఆ' అవుతుంది. శ్రావణి, స్పందన, స్మిత అన్నిటికీ ఇదే గతి. జే అక్షరాన్ని గొంతులోంచి 'హ' అంటారు, వీ అక్షరాన్ని 'బ' అంటారు. కాబట్టి జాహ్నవి వాళ్ళ నోట 'హనాబి'. జీ తర్వాత ఈ గానీ ఐ గానీ వచ్చినా అదే 'హ': గీత 'హీత' అయిపోతుంది. గాయత్రి, గౌరి మాత్రం క్షేమం. 'ష' వాళ్ళకి సొంత అక్షరం కాదు, ఈషా అన్న పేరుని 'ఈసా' అనో 'ఈచా' అనో అంటారు.

అసలు పేచీ 'ఈ' దగ్గర. మీ లీలనే చూడండి. ఎల్, డబుల్ ఈ, ఎల్, ఏ అని రాస్తే ఇంగ్లీషు వాళ్ళు సరిగ్గా పలుకుతారు, స్పానిష్ వాళ్ళు 'లేఏలా' అని చదువుతారు. పోనీ ఒక్క ఐతో రాస్తే స్పానిష్‌లో లీలా అని చక్కగా వస్తుంది, అమెరికన్ టీచరు 'లైలా' అంటుంది. ఎటు సర్దినా రెండోవైపు తేలుతుంది. డబుల్ ఓ సంగతీ అంతే.

అందుకే 'ఈ' అనేది చివర -ఇత, -ఇన, -ఇల లాంటి చోట వచ్చే పేర్లు వెతకండి. అనిత, సరిత, మరీనా, కమీలా. ఇక్కడ ఒక్క ఐ పెట్టినా ఇంగ్లీషు వాళ్ళు 'ఈ' అనే చదువుతారు, ఆ ముగింపులు వాళ్ళకి అలవాటే. స్పానిష్‌లో అచ్చుతో ముగిసే పేరుకి చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక (నొక్కి పలకడం) పడుతుంది, ఇంగ్లీషులోనూ వీటికి అక్కడే పడుతుంది. సరిత, అనిత ఇంకో రకంగానూ కలిసొస్తాయి: స్పానిష్‌లో సారా ముద్దుపేరు సరీతా, ఆనా ముద్దుపేరు అనీతా. ఆ ఇంట్లో ఎవరికీ కొత్తగా ఉండవు.

ఒక్క జాగ్రత్త. మనం 'త'కి టీ-హెచ్ రాసే అలవాటు ఇక్కడ మానేయాలి. హెచ్ చూడగానే ఇంగ్లీషు వాళ్ళు నాలుక పళ్ళ మధ్య పెట్టి 'థ' అంటారు. టీ ఒక్కటే రాయండి.

వేరుశనగ_చిక్కీ:
అర్థాల సంగతి ఎవరూ ఎత్తలేదేం! మీరా అంటే స్పానిష్‌లో 'చూడు'. అది ఊతపదంలా వాడతారు, పూటకి పాతికసార్లు వినబడుతుంది. పిల్ల ప్రతిసారీ తనని పిలిచారనుకుని తల తిప్పుతుంది. తార అంటే లోపం, సరుకు తూచేటప్పుడు తీసేసే ఖాళీ డబ్బా బరువు కూడా. వేద అంటే వేటనీ చేపలపట్టునీ నిషేధించే కాలం. పైగా వాళ్ళు పలికితే 'బేద', మన చెవికి భేదంలా తగుల్తుంది. లిస్టులో లేకపోయినా చెప్తున్నా, లత అంటే రేకు డబ్బా. సీత అంటే లాటిన్ అమెరికాలో అపాయింట్‌మెంట్ అన్న మాటకీ దీనికీ పలుకులో తేడా లేదు. డాక్టరు ఆఫీసులో నవ్వుకుంటారు.

ఇక వాళ్ళ వైపు పేర్లు మన చెవితో వినండి. నోరా బంగారంలాంటి పేరు, రెండు భాషల్లోనూ ఒకటే పలుకు. కానీ పల్నాట్లో ఏ పెద్దావిడో 'నోరా వీపుకు చేటు తేకే' అనకుండా ఉంటుందా? లూనా 2022లో అమెరికాలో ఆడపిల్లల పేర్లలో మొదటి పదిలో ఉంది. మీ నాన్నగారి వయసు వాళ్ళకి మాత్రం అది తొక్కి స్టార్ట్ చేసే మోపెడ్. లూసీయాతో గొడవ ఇంగ్లీషులో: లూషా, లూసియా, లూచీయా మూడూ వినబడతాయి. ఆనా అని ఎవరైనా సలహా ఇస్తే రెండు ఎన్‌లు పెట్టనివ్వకండి, మనవాళ్ళు 'అన్న' అని చదువుతారు.

నా ఓటు మాయకి. ఎమ్-ఏ-వై-ఏ, మూడుచోట్లా ఒకటే పలుకు.

ఫారాల_పంతులు:
కాగితాల మాట. కాలిఫోర్నియా బర్త్ సర్టిఫికెట్‌లో చాలా ఏళ్ళు ఇంగ్లీషు 26 అక్షరాలే, అచ్చుల మీద స్పానిష్ గీతలు ఒప్పుకునేవాళ్ళు కాదు; ఇప్పుడెలా ఉందో కనుక్కోండి. 1986లో ఓటర్లు ఇంగ్లీషుని అధికార భాషగా చేసిన దగ్గర్నుంచి వచ్చిన చిక్కు ఇది. గీత వేయాల్సిన పేరు (లూసీయా, సోఫీయా) గీత లేకుండా నమోదైతే స్పానిష్ రూలు ప్రకారం ఊనిక ముందు అక్షరానికి పోతుంది. ఎలేనా, మరీనా, సరిత, మాయలకి గీతే అక్కర్లేదు.

సర్టిఫికెట్ వివరాలు మామూలుగా ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళే ముందే రాయించుకుంటారు. అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టండి. చిన్న అక్షరదోషానికి సవరణ ఫారం ఉంది, పేరే మార్చాలంటే కోర్టు ఆర్డరు కావాలి. పాస్‌పోర్టు ఈ సర్టిఫికెట్‌ని బట్టి, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చేది) ఆ పాస్‌పోర్టుని బట్టి వస్తాయి. మొదటి కాగితంలో తప్పు పడితే అన్నిట్లోకీ పాకుతుంది.

మెక్సికన్ కాన్సులేట్‌లో కూడా నమోదు చేయించేట్టయితే అక్కడ రెండు ఇంటిపేర్లు రాస్తారు, తండ్రిది, తల్లిది. అమెరికన్ సర్టిఫికెట్‌లోనూ ఆ రెండూ అదే వరసలో ఉంటే తర్వాత తలనొప్పి తగ్గుతుంది. అమ్మమ్మ మరీయా అని ముందు తగిలించమంటే భయపడకండి. వాళ్ళ 18 అక్షరాల గుర్తింపు కోడ్ తయారీలో మొదటి పేరు మరీయా అయితే దాన్ని వదిలి రెండో పేరు తీసుకుంటారు.

అమెరికాలో ఏ స్పెల్లింగ్ ఎంత వాడుకలో ఉందో సోషల్ సెక్యూరిటీ వాళ్ళ సైట్‌లో ఏడాదివారీగా దొరుకుతుంది. ఒక ఏడాదిలో 5గురికన్నా తక్కువమందికి పెట్టిన పేర్లు అందులో కనబడవు. ఒకే పేరు రెండు స్పెల్లింగుల్లో ఉంటే విడివిడిగా లెక్కేస్తారు, చూసేటప్పుడు కలుపుకోండి.

పంచాంగం_పక్కనే:
నక్షత్రం పుట్టాకే తెలుస్తుంది కాబట్టి ఇప్పుడే అక్షరాల వారీగా చిన్న పట్టిక వేసి పెట్టుకోండి. మఖ వస్తే మా, మీ, మూ, మే: మొదటి పాదమైతే మాయ, మరీనా సిద్ధం. కృత్తిక మొదటి పాదం అ: అనిత. అనూరాధ మొదటి పాదం నా: నయన. శతభిషం రెండో పాదం సా: సరిత. కష్టమల్లా ఉత్తరాషాఢ చివరి రెండు పాదాలు, శ్రవణం మొదటి మూడు. అన్నీ జకారాలే, పైన బాబాయ్ చెప్పినట్టు స్పానిష్‌లో హకారమైపోతాయి. ధనిష్ఠలో గా, గూ పర్లేదు, గీ, గే వద్దు. అలాంటి పాదం పడితే ఆ అక్షరంతో బారసాలనాడు బియ్యంలో రాసే పేరు వేరే పెట్టి, సర్టిఫికెట్‌లో మీకు నచ్చింది రాయించండి. చాలా ఇళ్ళలో జరిగేదే, అమ్మగారూ కాదనరు.

పల్నాటి_పిల్లోడు:
అందరికీ థాంక్సండీ. సరిత, మాయ, మరీనా మిగిలాయి. మాయ అంటే అమ్మ 'మాయదారి పేరా' అంటుందేమో. సరితకి ఇంకేమైనా తిరకాసు ఉందా?

అక్షరాల_బాబాయ్:
ఉంది, చిన్నది. అమెరికన్లు రెండు అచ్చుల మధ్య టీని మెత్తగా కొట్టేస్తారు, 'సరీడా' అని వినబడుతుంది. అనితకీ అంతే. స్పానిష్ టీ మాత్రం నాలుక పళ్ళకి ఆనించి పలికేది, అచ్చం మన 'త'. అత్తగారి నోట, అమ్మ నోట ఒకేలా వస్తుంది. మరీనాకి ఈ ఇబ్బంది లేదు, కాకపోతే ఇంగ్లీషులో, స్పానిష్‌లో పడవలు కట్టేసే రేవుని కూడా అదే అంటారు.

తేల్చుకునే ముందు పేరు కాగితం మీద రాసి, మీరు పలక్కుండా, ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళ చేత, స్పానిష్ మాత్రమే వచ్చినవాళ్ళ చేత విడివిడిగా చదివించండి. మీరు ముందే పలికి వినిపిస్తే వాళ్ళు మిమ్మల్ని అనుకరిస్తారు, పరీక్ష పనికిరాదు.