లెక్కించని జాతులన్నింటికీ సీఆర్ హోదా వస్తోంది: ఎక్సెల్ సూత్రంలో పొరపాటు ఎక్కడ?

ప్రశ్న:
నమస్కారం. సుమారు 200 మొక్కల జాతులకు ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ (జాతులు అంతరించే ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ జాబితా) ప్రమాణాల ప్రకారం ముసాయిదా హోదాలు ఇచ్చేందుకు ఎక్సెల్‌లో ఒక పట్టిక తయారు చేస్తున్నాను. పునరుత్పత్తి చేయగల ఎదిగిన మొక్కలు 50 కంటే తక్కువైతే సీఆర్ (క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్, అంటే అత్యధిక ముప్పు), 250 కంటే తక్కువైతే ఈఎన్ (ఎన్‌డేంజర్డ్), 1,000 కంటే తక్కువైతే వీయూ (వల్నరబుల్), ఏదీ కాకపోతే ‘ముప్పు లేదు’ అని వచ్చేలా ఇఫ్ సూత్రం రాశాను. అయితే లెక్కింపే జరగని జాతులన్నింటికీ సీఆర్ వస్తోంది. 40 మొక్కలే ఉన్నట్టు నమోదైన ఒక జాతికి మాత్రం ముప్పు లేదని చూపుతోంది.

జవాబు 1:
మీ సూత్రం వరుస సరిగానే ఉంది, చిక్కంతా గడుల్లో ఉంది. పోలిక చేసేటప్పుడు ఎక్సెల్ ఖాళీ గడిని సున్నాగా తీసుకుంటుంది, సున్నా 50 కంటే తక్కువే కదా. ఇక ఆ 40 బహుశా అంకె కాదు, టెక్స్ట్‌గా నిలిచిపోయిన 40; ఎక్సెల్ దృష్టిలో ఏ టెక్స్ట్ అయినా ఏ అంకె కన్నా పెద్దదే. అందువల్ల ముందు ఇస్‌నంబర్‌ (గడిలో ఉన్నది అంకేనా అని చూసే ఫంక్షన్)తో పరీక్షించి, అంకె లేనిచోట ‘పరిశీలించాలి’ అని వచ్చేలా చేయండి. అక్కడ డేటా డెఫిషియంట్ (తగిన సమాచారం లేదు) అని సూత్రంతోనే వేయించకండి, ఎందుకంటే మొక్కల సంఖ్య తెలియకపోయినా మరో ప్రమాణం కింద హోదా నిర్ణయించే వీలుండవచ్చు.

జవాబు 2:
పై మాటకు కొనసాగింపుగా ఒకటి చెప్పాలి. మీరు రాసినది ‘డి’ (D) ప్రమాణం, అంటే మొక్కల సంఖ్యను చూసేది మాత్రమే. ‘ఏ’ (A) నుంచి ‘ఈ’ (E) వరకు ఐదు ప్రమాణాలున్నాయి, వాటిలో ఏ ఒక్కటి అత్యధిక ముప్పును సూచించినా జాతికి ఆ హోదానే దక్కుతుంది. కాబట్టి ఒక్కో ప్రమాణానికి ఒక నిలువు వరుస పెట్టి, సీఆర్‌కు 3, ఈఎన్‌కు 2, వీయూకు 1 చొప్పున వేసి, చివర మ్యాక్స్ (వాటిలో అతిపెద్ద అంకె) తీసుకోవడం మేలు.

సంఖ్య తగ్గుదలను చూసే ‘ఏ’ (A) ప్రమాణంలో జాగ్రత్త అవసరం. తగ్గుదలను 10 ఏళ్లు లేదా మూడు తరాలు, వీటిలో ఏది ఎక్కువైతే ఆ కాలానికి లెక్కించాలి. తరం 10 ఏళ్లుగా ఉన్న జాతి 20 ఏళ్లలో 1,000 నుంచి 600కు పడిపోయిందనుకుందాం. కంటికి కనిపించే తగ్గుదల 40 శాతమే, అంటే వీయూ. అదే వేగం 30 ఏళ్లకు కొనసాగితే 0.6ను 1.5 ఘాతానికి పెంచాలి, సుమారు 0.465 మిగులుతుంది, అంటే తగ్గుదల 53 శాతం దాటుతుంది. కారణాలు ఇంకా ఆగని సందర్భంలో 50 శాతానికే ఈఎన్ కాబట్టి హోదా మారిపోతుంది.

‘బి’ (B) ప్రమాణంలో విస్తృతి (జాతి వ్యాపించిన ప్రాంత వైశాల్యం) 100, 5,000, 20,000 చదరపు కిలోమీటర్ల హద్దులు ఒక్కటే చాలవు, మూడు అదనపు షరతుల్లో కనీసం రెండు నెరవేరాలి. వాటిలో ఆవాస స్థలాల సంఖ్య సీఆర్‌కు 1, ఈఎన్‌కు 5, వీయూకు 10గా మారుతుంది కనుక మూడు హోదాలకూ విడివిడిగా పరీక్ష రాయక తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఆ 40 వెనుక, వెబ్ పేజీ నుంచి అతికించినప్పుడు చేరిన కనిపించని ఖాళీ అక్షరం ఉంది. తీసేశాక సీఆర్ వచ్చింది.

జవాబు 1:
ఇంకొక్కటి: నిజంగానే సున్నా నమోదైన గడులను కూడా వేరుగా గుర్తించండి. సూత్రం వాటికీ సీఆర్ అనే చెబుతుంది. కానీ ఆ జాతి అంతరించిందా, లేక వెతికిన చోట కనిపించలేదా అన్నది సమగ్ర సర్వేలు చూసి మనిషే తేల్చాలి.