త్రందెజ్ మంట కాముని దహనం లెక్క వేయొచ్చా?

హన్మకొండ_చదువరి:
కాలేజీల దేశదేశాల పండుగల ప్రోగ్రాం ఉంది, మాకు ఆర్మేనియా వచ్చింది. చలి పోయి వసంతం వచ్చేటప్పుడు చేసే మంట పండుగ త్రందెజ్ చూపిద్దామనుకుంటున్నం. తేదీ ఒక దగ్గర ఫిబ్రవరి 2, ఇంకో దగ్గర 14 అని ఉంది. ఏది కరెక్టు? మంట ఎంత వేయాలె? ఏం పంచాలె?

కాజీపేట_పాఠకుడు:
ఆర్మేనియాకు 14నే. అక్కడి చర్చి క్రీస్తు జననాన్ని జనవరి 6న చేస్తది. త్రందెజ్ ఆయన పుట్టిన 40వ రోజు పండుగ, అందుకే జనవరి 6ను కలుపుకొని 40 లెక్కబెట్టండి, ఫిబ్రవరి 14 వస్తది. డిసెంబర్ 25 నుంచి లెక్కబెట్టేటోళ్లకు 2న పడ్తది. మంట మాత్రం 13 సాయంత్రమే, చర్చిల ప్రార్థన అయినంక. లోపలి దీపంతో కొవ్వొత్తి ముట్టించి, దాంతో మంట అంటిస్తరు. మీరు అగ్గిపుల్ల గీసి ముట్టిస్తే అసలు సంగతి పోయినట్టే.

పత్తికట్టె:
కాముని దహనం సైజు వద్దు. ఇది దుంకే మంట. కొత్తగ పెండ్లయిన జంటలు చుట్టూ తిరిగి, చేతులు పట్టుకొని దాటుతరు. మన దగ్గర చేతికందేది పత్తికట్టె, కాని ఒక్కసారిగ తలెత్తు లేస్తది, నిమిషాల్ల బూడిదైతది. అంటించనీకె ఒక మోపు చాలు, పైన తుమ్మ మొద్దులు పెట్టండి. మంట మోకాలి కిందికి దిగినంకనే దాటాలె. పాలిస్టర్ చున్నీలు, పెట్రోలు, టైర్లు దగ్గరికి రానియ్యొద్దు. రెండు బకెట్ల నీళ్లు, ఇసుక పక్కన ఉండాలె. పొగ ఎటు పోతే అటు పంట బాగైతదని అక్కడి నమ్మకం, అది మైకుల చెప్పండి.

హన్మకొండ_చదువరి:
సరే అన్నా. మరి పంచేది?

మూకుడు:
అఘంజ్. అంటే వేంచిన గోధుమలు. అక్కడ గంజాయి జాతి గింజలు గూడ కలుపుతరు. మీరు వాటి జోలికి పోకండి, నువ్వులు వేయండి. కిలో గోధుమలకు పుట్నాలు పావుకిలో, నువ్వులు 100 గ్రాములు, కిస్మిస్ 100 గ్రాములు. గోధుమలు రెండు గంటలు నానబెట్టి, బట్ట మీద పూర్తిగ ఆరబెట్టాలె. తడి ఉంటే మూకుడుకు అంటుకుంటయి. మంట పెద్దగ పెడితే పైన మాడి లోపల రాయి లెక్క ఉంటయి, పండ్లు ఇరుగుతయి. సన్న సెగ మీద, ఒకసారికి రెండు గుప్పిళ్లకు మించకుండ, చిటపట మొదలయ్యేదాక తిప్పండి. నువ్వులు వేరే వేంచాలె. కిస్మిస్ అన్నీ చల్లారినంకనే, లేకుంటే గోధుమలు మెత్తబడ్తయి.